కొత్త కోచ్‌గారూ, కొత్త కోడలూ

కొత్తగా వచ్చే మనిషి మీద మనవాళ్ళు పెట్టుకునే ఆశ ఇంతా అంతా కాదు. కొత్త కలెక్టరుగారు వస్తున్నారని తెలిస్తే చాలు, వీధిలో గోతులన్నీ వాటంతటవే పూడిపోతాయనుకుంటాం. కొత్త హెడ్మాస్టరుగారు వస్తే మన సుపుత్రుడికి లెక్కలు రాత్రికి రాత్రే వచ్చేస్తాయనుకుంటాం. మా విజయనగరంలో ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. 1892లో మొట్టమొదట ఇక్కడే ఆడిన "కన్యాశుల్కం"లో వెంకమ్మగారు, కొడుకు వెంట దిగిన గిరీశాన్ని చూసి, వాడికి ఇంగ్లీషు వచ్చేసినట్టే మురిసిపోలేదూ! వచ్చిన పెద్దమనిషి ఏం నేర్పాడన్నది తరవాతి సంగతి.

ఇక కొత్త కోడలి మాట చెప్పనే అక్కర్లేదు. ఆ పిల్ల గుమ్మంలో కుడికాలు పెట్టిన క్షణం నుంచీ ఇంటిల్లిపాది ఆశలూ ఆమె నెత్తి మీదే. అత్తగారికి వంటింటి నుంచి విముక్తి కావాలి. మామగారికి వేళకి కాఫీ కావాలి. ఆడబిడ్డకి జడ వేసే చెయ్యి కావాలి. ఇవన్నీ పదహారు రోజుల పండగ వెళ్ళేలోపే సమకూరాలి. సమకూరలేదా, "కొత్త ఒక వింత, పాత ఒక రోత" అన్న సామెత ఎలాగూ సిద్ధంగా ఉంది.

ఈ కోడళ్ళ వరసలోకి మా ఇంట్లో కొన్నేళ్ళుగా ఇంకో మనిషి వచ్చి చేరాడు. ఆయన పని ఫుట్‌బాల్ జట్టుకి ఆట నేర్పించటం. ఇంగ్లండులో ఆయన్ని మేనేజరంటారట, మన దేశంలో కోచ్ అంటారు. ఒకనాడు మా అబ్బాయి ఫోనులో స్నేహితుడితో "కొత్త మేనేజరొస్తున్నాడ్రా, ఇంక మన దశ తిరిగినట్టే!" అని కేకలు పెడుతుంటే, మా అత్తగారు జపమాల పక్కన పెట్టి "ఏ బేంకుకిరా?" అని అడిగారు.

మావాడు ఇంజనీరింగు చదువుకి హైదరాబాదు వెళ్ళింది 2019లో. సరిగ్గా ఆ ఏడాదే అక్కడ హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు పుట్టి, ఇండియన్ సూపర్ లీగులో చేరింది. వాడికి ఊరు కొత్త, హాస్టలు కొత్త, సాంబారు కొత్త. గచ్చిబౌలి స్టేడియంలో నలుగురితో కలిసి గొంతు చించుకోవటం మొదలెట్టాకే వాడికి ఇంటి మీద బెంగ తగ్గింది. అందుకని ఆ జట్టంటే నాకూ ఒక కృతజ్ఞత. పరాయి ఊళ్ళో నా కొడుకుని చేరదీసిన వాళ్ళలో వాళ్ళూ ఉన్నారు మరి.

కానీ ఆ జట్టు ఆట మాత్రం చూడతరం కాలేదు. మొదటి ఏడాది పద్దెనిమిది మ్యాచులాడి రెండే గెలిచింది. పది జట్లలో పదోది. ఇంగ్లండు నుంచి వచ్చిన మొదటి కోచ్‌గారిని 2020 జనవరిలో, సీజను నడుస్తుండగానే పంపించేశారు. స్పెయిన్ నుంచి ఇంకొకాయన్ని కుదుర్చుకున్నారు. ఆయన ఆ కొత్త సీజను మొదలవకముందే బార్సిలోనా వారి పిలుపు వస్తే అటు వెళ్ళిపోయాడు. తాంబూలాలు పుచ్చుకున్న పెళ్ళికొడుకు పెద్ద సంబంధం వచ్చిందని పీటల మీదకి రాకుండా పోయినట్టు! అప్పుడు, 2020 ఆగస్టు ఆఖర్లో, మనోలో మార్కెజ్ అనే మరో స్పెయిన్ ఆయన్ని తెచ్చారు. ఈయన పుట్టిందే బార్సిలోనాలో.

అవి కరోనా రోజులు. మావాడు ఇంట్లోనే ఉన్నాడు. ఆ కోచ్‌గారి గురించి మాకు రోజూ పురాణకాలక్షేపమే. "ఈయన బంతిని గాల్లోకి తన్నించడమ్మా. పొట్టి పొట్టి పాసులు. గోల్‌కీపరు దగ్గర్నించీ నేల మీదే నడిపిస్తాడు. కుర్రాళ్ళని నమ్ముతాడు. చూస్తూ ఉండు!" అనేవాడు. అప్పటికి ఆ కుర్రాళ్ళు ఆయన దగ్గర ఒక్క మ్యాచైనా ఆడలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే కాబోలు.

ఇదంతా వింటున్న మా పనిమనిషి గిన్నెలు తోముతూ తోముతూ ఆగి, "ఏటమ్మగారూ, బంతి తన్నడానికి కూడా మేస్టారు కావాలేటి? మా గుంటలు ఈదిలో తన్నుకోటం లేదేటి?" అంది. మాటలో న్యాయం ఉంది. వెనక ఒక పెళ్ళిలో చూసిన వడ్డన నాకు గుర్తొచ్చింది. అదీ బంతే కదా! రెండొందల మంది కూచున్న బంతి. ఒక మరిది ఉత్సాహవంతుడు పులుసు బకెట్టు పుచ్చుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా తనే పరుగు పెట్టాడు. సగం బంతికి ఆయాసం వచ్చింది, మిగతా సగానికి అన్నాలు చల్లారాయి. రెండో బంతికి ఒక పెద్దాయన నిలబడి, నలుగురిని నాలుగు చోట్ల పెట్టి, బకెట్టు చేతులు మార్పించాడు. ఎవరూ పరిగెత్తలేదు, ఏ విస్తరీ ఎదురు చూడలేదు. ఆ పెద్దాయన ఒక్క గరిటె కూడా ముట్టుకోలేదు సుమండీ. కోచ్ పనీ అదే. తను బంతి తాకడు. ఎవరు ఎక్కడ నిలబడితే బంతి ఆగకుండా నడుస్తుందో చూస్తాడు.

చెప్పగానే మా పనిమనిషి "అయితే ఆ బాబుకి జీతం దండగ కాదు" అని ఒప్పేసుకుంది.

పొట్టి పాసుల ఆటలో ఒక చిక్కుంది. గోల్‌కీపరు బంతిని దూరంగా తన్నెయ్యకుండా పక్కనున్న మనవాడికే ఇస్తాడు. అవతలివాడు మీదకి వచ్చేస్తుంటాడు. ఒక్క తడబాటు చాలు, గోలు పడిపోతుంది. "దూరంగా తన్నెయ్యరా, ఏం పోయే కాలం!" అని మా అత్తగారు మంచం మీంచి కేకలు. అందుకే ఈ ఆట నేర్చుకునే వాళ్ళకి ధైర్యం ఎంత కావాలో, చూసేవాళ్ళకి ఓపిక అంత కావాలి. మొదటి ఏడాది ఆ జట్టు కప్పేమీ తేలేదు. ప్రేక్షకుల్లేని గోవా మైదానాల్లో ఇరవై మ్యాచులాడితే ఆరు గెలిచింది, పదకొండు సమంగా ముగించింది, మూడే ఓడింది. అయిదో స్థానం. సెమీఫైనలుకి ఒక్క మెట్టు కింద. అయినా మావాడి మొహంలో వెలుగు చూడాల్సింది! ఓడినా గెలిచినా అది తమ ఆటలా ఉందట.

ఆ మాట నన్ను పట్టుకుంది. అభిమానులు కోరేది గెలుపొక్కటే అనుకుంటాం. కాదు. "మావాళ్ళు ఇలా ఆడతారు" అని చెప్పుకోవటానికి ఒక తీరు కావాలి. మన ఇళ్ళల్లో మాత్రం? కడుపు నిండటానికి ఏ పులుసైనా ఒకటే. కానీ "మా అమ్మ చేతి పులుసు" అని చెప్పుకోవటానికి ఒక చేతి రుచి కావాలి కదూ.

రెండో ఏడాది ఆ రుచి పండింది. 2022 మార్చి 20. ఆదివారం. మేమంతా అరసవిల్లి సూర్యనారాయణ స్వామి దర్శనానికి వెళ్ళి, జనంలో నలిగి, సాయంత్రానికి శ్రీకాకుళంలో మా అప్ప ఇంట్లో చేరాం. రాత్రి గోవాలో ఫైనలు. ఎదురు జట్టు కేరళ బ్లాస్టర్స్. అరవై ఎనిమిదో నిమిషంలో కేరళ వాళ్ళు గోలు కొట్టారు. మావాడు అన్నం కంచం ముందు శిలావిగ్రహంలా కూచున్నాడు. ఇంక రెండు నిమిషాలుందనగా సాహిల్ తవోరా అనే కుర్రాడు దూరం నుంచి కొట్టాడండీ ఒక్క తాపు! సమం. పెనాల్టీల్లో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. మూడు-ఒకటితో హైదరాబాదు గెలిచింది. మా అప్ప ఇంటి పక్కవాళ్ళు ఏం ప్రమాదమో అని తలుపు తట్టారు. రెండేళ్ళ కిందట అడుగున పడున్న జట్టు అది!

కథ ఇక్కడ ఆపితే మంగళహారతి పాడుకుని లేచిపోవచ్చు. కానీ ఆగలేదు. 2023లో మనోలోగారు గోవా జట్టుకి వెళ్ళిపోయారు. హైదరాబాదు క్లబ్బుకి డబ్బు ఇబ్బందులొచ్చాయి. ఆటగాళ్ళు ఒక్కొక్కరే సర్దుకున్నారు. 2023-24లో జట్టు మళ్ళీ అడుగుకి చేరింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. మావాడు ఉద్యోగంలో చేరి హైదరాబాదులోనే ఉన్నాడు, జట్టే ఊరు విడిచి వెళ్ళింది. వాడి బీరువాలో ఆ జట్టు చొక్కా ఇంకా ఇస్త్రీ చేసే ఉంది. పుట్టిల్లు అమ్మేశాక తాళంచెవి దాచుకునే వాళ్ళని చూశాను. ఇదీ అంతే.

ఈ మధ్యలోనే ఇంకో ఆశ పుట్టింది. 2024 జులైలో మనోలోగారిని ఏకంగా భారత జట్టుకే కోచ్‌గా వేశారు. ఆ రోజు మావాడు ఫోను చేసి "అమ్మా, మన మనోలో!" అన్నాడు. మేనమామకి మంత్రి పదవి వచ్చినట్టు. ఆయన చేతి కింద భారత జట్టు తొలి మ్యాచు 2024 సెప్టెంబరు 3న, అదీ గచ్చిబౌలిలోనే. ఎదురుగా మారిషస్. సున్నా-సున్నా. అక్కడే ఆరు రోజుల తరవాత సిరియా చేతిలో మూడు గోళ్ళతో ఓటమి. మొత్తం ఎనిమిది మ్యాచులు. నాలుగు సమం, మూడు ఓటమి, ఒకే ఒక్క గెలుపు, అదీ మాల్దీవుల మీద. ఏడాది తిరక్కుండానే, 2025 జులైలో, ఆయనా మన వాళ్ళూ దణ్ణం పెట్టుకుని విడిపోయారు.

మనిషి ఒక్కడే కదా? హైదరాబాదులో అద్భుతం చేసినవాడికి దేశం జట్టు దగ్గర చేతులెందుకు ఆడలేదు? "ఇంట గెలిచి రచ్చ గెలువు" అంటారు. ఇంట గెలిచాడుగా!

నాకు తోచింది చెప్తాను. హైదరాబాదులో ఆ కుర్రాళ్ళు ఆయన కళ్ళ ముందు రోజూ ఉండేవారు. పొద్దున్న చేసిన తప్పు సాయంత్రం దిద్దొచ్చు. ఈ వారం రాని పాసు వచ్చే వారం వస్తుంది. దేశం జట్టు అలా కాదు. ఆటగాళ్ళంతా వాళ్ళ వాళ్ళ క్లబ్బుల్లో ఉంటారు. మ్యాచుకి కొద్దిరోజుల ముందు వచ్చి కలుస్తారు, ఆడతారు, పెట్టెలు సర్దుకుంటారు. పైగా ఆయన ఆ ఏడాదంతా గోవా జట్టునీ చూసుకుంటూనే దీన్నీ చూశాడు. ఏ ఇంటి కోడలు ఆ ఇంట్లో వండితే రుచి వస్తుంది గానీ, పండగనాడు చుట్టపుచూపుగా వచ్చినదాన్ని వందమందికి వంట చెయ్యమని, "మా ఇంటి రుచి ఏదీ?" అని నిలదీస్తే ఏం చెయ్యగలదు?

మన తెలుగు నేల మీదే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన "మైదాన్" హిందీ సినిమా ఈయన కథే. 1909లో హైదరాబాదులో పుట్టి, బడిపంతులుగా పనిచేసినాయన. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. ఆయన తీరూ పొట్టి పాసుల తీరే. బంతి కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి, అట్టే పెట్టుకోకూడదు. చేతకాని కాలితోనే ఆడాలని నియమం పెట్టి కుర్రాళ్ళకి పోటీలు నడిపేవారు. కుడిచేతి వాటం వాణ్ణి ఎడమకాలితో తన్నమంటే ఎన్నాళ్ళు పడుతుందో ఆలోచించండి. వారం పనా అది?

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన తీసుకెళ్ళిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో పది-ఒకటితో ఓడింది. మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఇవాళైతే అర్ధరాత్రికల్లా ఆ కోచ్‌గారి దిష్టిబొమ్మ కాలేది. కానీ 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ నాటికి మళ్ళీ జట్టు ఆయన చేతిలోనే ఉంది. ఆస్ట్రేలియాని వాళ్ళ ఊళ్ళోనే నాలుగు-రెండుతో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటి మ్యాచు దక్షిణ కొరియాకి సమర్పించుకుని, చివరికి ఫైనల్లో అదే కొరియాని రెండు-ఒకటితో గెలిచి బంగారు పతకం తెచ్చింది. తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను వెనకనించి ముందుకి మార్చి ఆడించారు రహీం సాహెబు. గెలుపు గోలు కొట్టింది అతనే. మరుసటేడు, 1963 జూన్‌లో, రహీం సాహెబు క్యాన్సరుతో పోయారు. ఆ తరవాత ఎందరు కోచ్‌లు వచ్చినా, ఏషియన్ గేమ్స్ బంగారం మళ్ళీ మన జట్టు మెళ్ళో పడలేదు. ప్రతి కొత్త కోచ్‌గారిలోనూ మనం వెతుకుతున్నది ఆయన్నే. ఆయన వెనకనున్న ఆ ఇరవై ఏళ్ళని మాత్రం వెతకం.

ఇంగ్లండు సంగతీ అంతే. మాంచెస్టర్ యునైటెడ్ అనే పెద్ద జట్టుకి 1986 నవంబరులో ఫెర్గూసన్ అనే ఆయన వచ్చాడు. మొదటి కప్పు తేవటానికి 1990 మే నెల దాకా పట్టింది. మూడున్నరేళ్ళు! ఆ మధ్యలో పొమ్మన్న అభిమానులూ లేకపోలేదు. యాజమాన్యం ఓపిక పట్టింది. ఆయన 2013 దాకా ఉండి పదమూడు సార్లు లీగు గెలిచాడు. ఆయన తరవాత వచ్చిన మోయెస్‌గారికి ఆరేళ్ళకి ఒప్పందం రాసి, పది నెలలకే సాగనంపారు.

అంత దూరం ఎందుకు, మా శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్నగారు కరణం మల్లేశ్వరి చేత బరువులెత్తించటం మొదలుపెట్టేసరికి ఆ పిల్లకి పన్నెండేళ్ళు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చేనాటికి పాతికేళ్ళు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత స్త్రీ ఆమె. పల్లెలో మొదలైన పాఠం సిడ్నీ చేరటానికి పదమూడేళ్ళు పట్టింది. గురువంటే మా వైపు లెక్క ఇదీ.

సరే, మనోలోగారు వెళ్ళాక ఖాళీ అయిన కుర్చీకి 170 దరఖాస్తులొచ్చాయి. అందులో ప్రపంచంలోకెల్లా గొప్ప కోచ్ గార్డియోలా పేరుతో ఒకటి, బార్సిలోనా మాజీ నాయకుడు చావీ పేరుతో ఒకటి! దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, "గార్డియోలా వస్తే మనకి ఎలాంటి ఆట నేర్పిస్తాడు?" అని మావాడూ వాడి స్నేహితులూ ఒక పూటంతా చర్చించారు. తీరా ఆ ఉత్తరాలు అసలువి కావని ఫెడరేషనువారు తేల్చారు. అయినా ఆ ఒక్క పూట వాళ్ళు పడ్డ సంబరం మాత్రం అబద్ధం కాదు.

చివరికి 2025 ఆగస్టు 1న మనవాడే ఖాలిద్ జమీల్ వచ్చారు. 2017లో ఐజ్వాల్ అనే మిజోరాం చిన్న జట్టుని ఐ-లీగు విజేతని చేసినాయన. ఈయనది పొట్టి పాసుల మోజు కాదు. ముందు ఇంటి తలుపులు గట్టిగా వేసుకుని, తరవాత బజారుకి వెళదాం అనే తరహా. ఆ నెలాఖర్లోనే తజికిస్తాన్‌ను వాళ్ళ గడ్డ మీదే రెండు-ఒకటితో ఓడించి, ఆ పోటీలో ఒమన్ మీద పెనాల్టీలతో గెలిచి మూడో స్థానం తెచ్చారు. అభిమానులు ఆకాశానికెత్తారు. అక్టోబరు 14న గోవాలో, 2022 ఫైనలు జరిగిన ఆ ఫటోర్డా మైదానంలోనే, సింగపూరు చేతిలో రెండు-ఒకటితో ఓడి, 2027 ఏషియన్ కప్పు ఆశ వదులుకోవాల్సి వచ్చింది. ఆకాశం నుంచి అమాంతం కింద పడేశారు.

ఆ రాత్రి మావాడు ఫోను చేశాడు. గొంతులో జీర. "ఈయన వల్ల కాదమ్మా. తీసెయ్యాలి. ఆటకో తీరూ లేదు, తెన్నూ లేదు" అన్నాడు. స్పీకరులో వింటున్న మా అత్తగారు ఫోను లాక్కున్నారు.

"ఎప్పుడొచ్చాడ్రా ఆయన?"

"ఆగస్టులో, మామ్మా."

"ఇది అక్టోబరు. కాళ్ళ పారాణి ఆరనే లేదు కదరా!"

అటు వాడు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఫోను నా చేతికిచ్చేసి, ఆ రాత్రి నాకొక సంగతి చెప్పారు. ఆవిడ గుంటూరు జిల్లా పిల్ల. పదిహేడో ఏట ఈ ఇంటికొచ్చారు. ఇంట్లో పద్నాలుగు మంది. మా వైపు పులుసులో బెల్లం పడాలి. ఆవిడకి తెలిసింది కారం. మొదటి రోజే పులుసు నోట పెట్టి మామగారు కంచం పక్కకి జరిపారట. "ఈ చేతికి మా ఇంటి వంట రాదు" అని పెద్దత్తగారు తీర్పు చెప్పేశారట. ఒక్క పూటలో! "మూడేళ్ళు పట్టిందే నాకు. నా కారం కాస్త తగ్గింది, వీళ్ళ బెల్లం కాస్త తగ్గింది. తరవాత ఆయన పోయేదాకా నా చేతి పులుసు తప్ప ముట్టలేదు. కానీ ఆ మూడేళ్ళు పెరట్లో బావి దగ్గర ఎన్ని రాత్రులు ఏడిచానో ఎవరూ అడగలేదు" అన్నారు.

ఆవిడ పులుసు ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా తింటున్నాను. అందులోని కారానికీ బెల్లానికీ మధ్య మూడేళ్ళ ఏడుపుందని ఆ రాత్రి దాకా ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆట తీరైనా అంతే. వచ్చినవాడు తన తీరు తెస్తాడు. ఉన్నవాళ్ళది వాళ్ళకి ఉంటుంది. రెండూ కలిసి మూడో రుచి పుట్టాలి. అది కాలం పొయ్యి మీద ఉడకవలసిందే తప్ప, కేకలకి ఉడకదు. ఖాలిద్ జమీల్ చేతిలో ఉడుకుతుందో లేదో వేరే మాట. ఆశ పెట్టుకునేవాళ్ళు దాంతోబాటు గడువు కూడా పెట్టుకోవాలి. గడువివ్వని ఆశ ఆశ కాదు, బాకీ వసూలు. కొత్త కోడలి దగ్గరైనా సరే, కొత్త కోచ్ దగ్గరైనా సరే.

నవంబరులో భారత జట్టు ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో ఒక్క గోలుతో ఓడింది. అప్పుడూ మావాడు ఫోను చేశాడు, కానీ కోచ్‌గారిని తీసెయ్యమనలేదు. వేరే కబురు చెప్పాడు. ఆదివారాలు వాళ్ళ అపార్టుమెంటు పిల్లలకి వాడూ, ఇంకో ఇద్దరూ కలిసి ఫుట్‌బాల్ నేర్పుతున్నారట. రహీం సాహెబు పద్ధతిలో కుడిచేతి వాటం వాళ్ళ చేత ఎడమకాలితోనే తన్నిస్తున్నారట. రెండు వారాలు కాగానే తొమ్మిదేళ్ళ కుర్రాడి తల్లి వచ్చి "మావాడు ఇంకా ఒక్క గోలైనా కొట్టలేదు, ఏం నేర్పుతున్నారు మీరు?" అని నిలదీసిందట.

"ఏమన్నావురా?" అన్నాను.

"పారాణి ఆరనివ్వండి ఆంటీ, అన్నానమ్మా. ఆవిడకి అర్థంకాలేదు. వచ్చే వారం కూడా పంపిస్తానంది మాత్రం."